బిగింపు బాబాయ్, ఊడని అద్దం

ఆ మేడలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. చంటిపిల్లల దగ్గర్నుంచి పాలు పోసే అతని దాకా అందరికీ ఆయన బిగింపు బాబాయే. ఒకసారి పోస్టు తెచ్చే అతను కవరు మీదున్న పేరు పైకి చదివితే, కింద వాటావాళ్లు "అట్లాంటివాళ్లు ఇక్కడెవరూ లేరే" అని పంపించేయబోయారు. పిన్ని మెట్ల మీద నుంచి "అయ్యో నాయనా, అది మా ఆయనే" అని కేకేసి ఆపింది.

బాబాయ్ పని వీధి ఫోన్లు బిగించడం. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఒకప్పుడు బస్టాండులో, ఆసుపత్రి వరండాలో, బజారు మలుపులో, ఎక్కడ చూసినా గోడకి ఒక ఫోను పెట్టె ఉండేది. అందులో బిళ్ల వేసి, రిసీవరు చెవికి నొక్కుకుని, వెనకాల లైన్లో ఉన్నవాళ్లు వినకుండా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. పిల్ల పుట్టిందన్న కబురూ అందులోంచే, ఉద్యోగం పోయిందన్న కబురూ అందులోంచే. ఆ పెట్టెల్ని గోడకి బిగించే పని ముప్పై రెండేళ్లు చేశాడు మన బాబాయ్. నిచ్చెన భుజాన వేసుకుని, సంచీ సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని పొద్దున పోతే, ఒళ్లంతా సున్నం దుమ్ముతో సాయంత్రానికి వచ్చేవాడు.

ఆ పెట్టెలకి వాడే స్క్రూ మామూలుది కాదు. మామూలు స్క్రూ తల మీద ఒక గాడి ఉంటుంది, అటు తిప్పితే బిగుస్తుంది, ఇటు తిప్పితే ఊడుతుంది. దీనికీ గాడి ఉంటుంది గానీ, ఊడే వైపు తలని నున్నగా, ఏటవాలుగా చెక్కేసి ఉంటుంది. బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ చక్కగా ఆనుతుంది. విప్పబోతే మాత్రం పట్టు దొరక్క సర్రున జారిపోతుంది. ఒకసారి లోపలికి దిగిందంటే ఇక అంతే సంగతులు. దొంగలు పెట్టెలు పీక్కుపోకుండా అలా చేయించారు.

మరి పెట్టె పాడైతే ఎలాగంటారా. దానికి వేరే మనుషులుండేవారు. ఆఫీసువాళ్లది అదో పద్ధతి. బిగించేవాళ్లు ఒక షెడ్డు, విప్పేవాళ్లు ఇంకో షెడ్డు. వీళ్ల సంచిలో స్క్రూలుంటాయి, విప్పే పనిముట్టు ఉండదు. వాళ్ల సంచిలో విప్పే పనిముట్టు ఉంటుంది, ఒక్క స్క్రూ ఉండదు. ఆ పనిముట్టు పొద్దున సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం మళ్లీ అప్పజెప్పాలి. బిగించేవాళ్లకి దాన్ని దూరం నుంచి కూడా చూపించేవారు కాదు. ఎప్పుడో ఎవడో ప్రబుద్ధుడు తను పొద్దున బిగించిన పెట్టెని సాయంత్రం విప్పుకుపోయాడట, అప్పట్నుంచీ ఈ కాపలా. పద్ధతి సంగతేమో గానీ రెండు షెడ్ల మధ్యా అత్తాకోడళ్ల వ్యవహారంగా ఉండేది. వీళ్లు వాళ్లని ఊడదీతగాళ్లనేవారు, వాళ్లు వీళ్లని మేకులనేవారు.

ఆ ఊడదీతగాళ్లలో ఒకాయనకి, మన బాబాయ్‌కి అసలు పడేది కాదు. ఆయన్ని అందరూ ఊడదీత అనే పిలిచేవారు, ఆయనా పలికేవాడు. మొదట్లో మాట్లాడుకునేవారే. ఒకసారి టీ తాగుతూ "నువ్వు అరపూట చెమటోడ్చి బిగించింది నేను నాలుగు నిమిషాల్లో తీసి కింద పెడతాను" అన్నాడాయన. బాబాయ్ మొహం మాడిపోయింది. అక్కడికీ సర్దుకునేవాడేమో. కానీ తర్వాత జేబు ఫోన్లొచ్చాయి, వీధి ఫోన్లు తీసేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఉద్యోగం చివరి మూడేళ్లూ బాబాయ్‌కి పనే లేదు. షెడ్డులో బల్ల మీద కూర్చుని గోళ్లు చూసుకోవడమే. ఎదురు షెడ్డులో ఊడదీతకి మాత్రం తీరికే లేదు. సాయంత్రమయ్యేసరికి బండెడు పెట్టెలు తెచ్చి వాకిట్లో దింపేవాడు. ప్రతి పెట్టెనీ బాబాయ్ గుర్తుపట్టేవాడు. ఇది ఆసుపత్రిది, ఇది సినిమాహాలు సందుది అని. ఆ మూడేళ్లూ ఆయనతో మాట్లాడలేదు, రిటైరయ్యాకా మాట్లాడలేదు. అలా పన్నెండేళ్లు.

ఇక మేడ కథకి వద్దాం. ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి ఆఫీసులో స్క్రూ సైజు మార్చారు. పాత సైజువి ఒక రేకు డబ్బాడు మిగిలితే, స్టోరు చూసే పెద్దాయన "పారేసేవే, పట్టుకుపో" అన్నాడు. బాబాయ్‌కి నిధి దొరికినట్టయింది. మేడలో ఎవరికేం కావాలన్నా ఆ డబ్బా పట్టుకుని తయారు. ఒకరికి అలమార, ఒకరికి బట్టలు తగిలించే కొక్కేలు, ఒకరికి తలుపు గడియ. "మీ మనవలు ముసలాళ్లయ్యాక కూడా ఊడదు" అని గోడ మీద అరచేత్తో చరిచి చెప్పేవాడు. అందరూ సంతోషించారు. ఊడదీయాల్సిన రోజు వస్తుందని ఎవరనుకుంటారు.

వచ్చింది. మేడ పాతబడిపోయింది, కూలగొడతాం, ఆదివారంలోపు అందరూ ఖాళీ చేయండని ఇంటిగలాయన కాగితం అంటించాడు. సామాన్లు సర్దడం మొదలుపెట్టేసరికి ఒక్కో వాటాలోంచీ బాబాయ్ పేరు మోగిపోవడం మొదలైంది.

"బాబాయ్, మీ పుణ్యమా అని మా అలమార ఇక్కడే ఉండిపోతుంది," అంది కింద వాటా టీచరమ్మ.

"మా కొక్కేలకి గోడని కూడా కోసి తీసుకెళ్లాలేమో," అన్నాడు పక్క వాటా డ్రైవరు.

బాబాయ్ వాళ్ల మాటలకి నవ్వేసి ఊరుకున్నాడు. ఆయన గుండెల్లో రాయి పడింది వేరే చోట. ముందు గదిలో పిన్ని అద్దం ఉంది.

అది అలాంటిలాంటి అద్దం కాదు. మనిషంత ఉంటుంది. పిన్ని పెళ్లికాక ముందు ఒక బట్టలు కుట్టే కొట్లో పనిచేసింది. కొత్త బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి ఆ కొట్లో పెట్టిన అద్దం ఇది. కొట్టు నడిపే ముసలావిడ చేతకాక మూసేస్తూ "నువ్వు తప్ప దీన్ని తుడిచినవాళ్లు లేరు, నువ్వే తీసుకుపో" అని ఇచ్చేసింది. దాని ముందే పిన్ని ముప్పయ్యేళ్లు మేడలో ఆడవాళ్లందరికీ బట్టలు కుట్టింది. ఆ గదిలోకి రాని ఆడపిల్ల లేదు. ఉద్యోగానికి మొదటి రోజు వెళ్లేది, పెళ్లి చూపులకి తయారయ్యేది, ఎవరైనా సరే "పిన్నీ, ఒక్కసారి" అని దూరి వెనక్కీ ముందుకీ తిరిగి చూసుకుని పోయేవారు.

ఆ అద్దానికి నాలుగు మూలలా నాలుగు చిల్లులు, నాలుగింటిలోనూ బాబాయ్ స్క్రూలే. అద్దానికీ గోడకీ మధ్య కాగితం ముక్క కూడా దూరనంత గట్టిగా బిగించాడు. గునపం పెడితే అద్దం పోతుంది. డ్రిల్లు పెడితే, ఒక్క వెంట్రుకవాసి జారినా పోతుంది.

పిన్ని పెద్దగా అరవలేదు. చీరలు మడతపెడుతూ మామూలుగానే చెప్పింది. "మంచం ఉండిపోయినా పర్లేదు, బీరువా ఉండిపోయినా పర్లేదు. అది మాత్రం నాతో రావాలండీ."

"వస్తుందిలే."

"ఎలా వస్తుంది?"

బాబాయ్ అద్దం దగ్గరికి వెళ్లాడు. సంచీ తీశాడు.

ముందు తన దగ్గరున్న స్క్రూడ్రైవర్లన్నీ పెట్టి చూశాడు. తర్వాత డ్రైవరు దగ్గరవి, టీచరమ్మ కొడుకు కంప్యూటర్ విప్పుకునే చిన్న పెట్టెలోవి. ఏదీ పట్టలేదు. బుధవారం బజారెళ్లి మూడు ఇనప సామాన్ల కొట్లు తిరిగాడు. మూడో కొట్టతను ట్రేలు ట్రేలు తెచ్చి బల్ల మీద పరిచాడు. నక్షత్రం తలవి, ఆరు మూలలవి, మూడు మూలలవి, మధ్యలో బొడిపె ఉన్నవి. బాబాయ్ జేబులోంచి డబ్బాలో మిగిలిన స్క్రూ ఒకటి తీసి ఇచ్చాడు. కొట్టతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇది ఊడకూడదనే చేశారు పెద్దాయనా. దీన్ని ఎక్కడ బిగించారు?"

"మా ఇంట్లో."

"ఎవరు బిగించారో గానీ బుర్ర ఉన్నవాడు కాదు."

"అవును," అన్నాడు బాబాయ్.

ఇంటికొచ్చి గురువారం పొద్దున ఇంకోసారి కూర్చున్నాడు. లావుపాటి స్క్రూడ్రైవర్ కింది మూల స్క్రూకి పెట్టి, ఒళ్లంతా బరువేసి వెనక్కి తిప్పాడు. కదిలినట్టే అనిపించింది. ఇంకాస్త బలం వేశాడు. సర్రుమని జారి, స్క్రూ తల చెదిరిపోయి, స్క్రూడ్రైవర్ మొన అద్దం మీద బెత్తెడు గీత గీసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిన్ని వచ్చి నిలబడింది. గీత మీద వేలు పెట్టి నిమిరింది.

"ఊడదీత అన్నయ్యగారు ఉన్నారా ఊళ్లో?" అంది.

బాబాయ్ స్క్రూడ్రైవర్ సంచీలో పడేశాడు.

"మీకు కాళ్లు రాకపోతే నేను వెళ్తాను. నాకాయనతో గొడవేం లేదు."

చొక్కా వేసుకుని బయల్దేరాడు బాబాయ్. రెండు బస్సులు మారాలి. దారంతా ఏమని మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు, ఒక్కటీ కుదిరి చావలేదు.

ఊడదీత పెద్దకూతురి ఇంట్లో ఉంటున్నాడు. వరండా నిండా పాత గుడ్డలు పరిచి ఉన్నాయి, వాటి మీద ఒక ఫ్యాను ముక్కలుముక్కలుగా ఉంది. పక్కన గోడ గడియారం లోపలి సామానంతా బయటపెట్టుకుని ఉంది. ఇంకో పక్క ఇస్త్రీపెట్టె. మధ్యలో ఆయన.

బాబాయ్‌ని చూసి ఆయన లేవలేదు, ఆశ్చర్యపోనూ లేదు. "ఏవయ్యా మేకు, దారి తప్పావా?" అన్నాడు.

లోపల్నుంచి కూతురొచ్చింది. "బాబాయ్‌గారా? మీరు బిగించే ఆయనే కదూ? దేవుడిలా వచ్చారు. మా నాన్నకి ఖాళీ దొరికితే ఇంట్లో ఏదో ఒకటి విప్పుతాడు. మళ్లీ బిగించడం రాదు. రెండు నెలల్నుంచి ఫ్యాను లేదు మాకు."

"రాదని ఎవరన్నారు, అలవాటు లేదంతే," అన్నాడు ఊడదీత.

బాబాయ్‌కి అంత బాధలోనూ నవ్వొచ్చింది. అక్కడే కూలబడి, చేతికందిన ముక్క చేతికందినట్టు ఫ్యాను బిగించడం మొదలుపెట్టాడు. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా వచ్చింది. మేడ సంగతి, అద్దం సంగతి, జారిన సంగతి అన్నీ చెప్పేశాడు.

ఊడదీత అంతా విని "ఇంట్లో అద్దానికి ఆ స్క్రూలు వేశావా?" అన్నాడు.

"వేశాను."

"ఎవరు ఎత్తుకుపోతారని?"

"ఇంక చాల్లే, నీ పనిముట్టు ఒక్క పూట ఇవ్వు. తెచ్చిచ్చేస్తాను."

"నా దగ్గరెక్కడిది? రిటైరైన రోజున లాక్కున్నారు. లోపల తాళం వేసి పెట్టారు, తర్వాత పాత ఇనుము కింద పోయిందని విన్నాను."

బాబాయ్ చేతిలో ఫ్యాను రెక్క అలాగే ఉండిపోయింది. ఇక ఆ అద్దం ఆ గోడతోనే పోతుందనుకున్నాడు. పిన్ని మొహం కళ్ల ముందుకొచ్చింది. ఆ మంటంతా ఎదురుగా ఉన్నవాడి మీదకి తిరిగింది.

"నేను ముప్పయ్యేళ్లు పెట్టినవన్నీ మూడేళ్లలో పీకి పారేశావు. అప్పుడు మాత్రం పనిముట్టు ఉంది నీకు."

ఊడదీత గడియారం చక్రం ఒకటి తీసి వేలి మీద తిప్పాడు. "మొదటి నెల ఎవర్ని పంపారో తెలుసా నీకు? గునపాలిచ్చి కూలీల్ని పంపారు. బస్టాండు గోడ సగం ఊడి కింద పడింది. నేనే వెళ్లి ఆఫీసరుతో చెప్పాను, పగలగొట్టొద్దు, ఒక్కోటీ నేను విప్పుతాను అని. నీ పెట్టెకి ఒక్కదానికి సొట్ట పడిందేమో చూశావా? వాకిట్లో దింపేటప్పుడు కూడా గోనెపట్టా వేసి దింపాను."

బాబాయ్‌కి గోనెపట్టా గుర్తొచ్చింది. అది వాన కోసం అనుకున్నాడప్పట్లో.

"జేబులో ఆ స్క్రూ ఉందా?" అన్నాడు ఊడదీత. "ఇలా ఇవ్వు. పనిముట్టు లేకపోతేనేం, దాని మొన ఎలా ఉంటుందో నా చేతికి తెలుసు. ఆకురాయి పట్టడం నీకు తెలుసు."

అలా మొదలైంది. ఒక పాత గొట్టం పానా తీసుకున్నారు, స్క్రూ తల మీద టోపీలా కూర్చునేది. దాని మూతిలో రెండు పళ్లు తీయాలి, స్క్రూ తల వాలుని వెనక్కి కొరికి పట్టేలా. ఊడదీత కళ్లు మూసుకుని, గాల్లో చెయ్యి తిప్పి, "ఇంకాస్త లోపలికి వాలాలి" అనేవాడు. బాబాయ్ మూడు పలకల ఆకురాయితో అరగదీసేవాడు. ఒక చెక్కలో బాబాయ్ స్క్రూ బిగిస్తే ఊడదీత విప్పబోయేవాడు. మొదటిసారి జారింది. రెండోసారి పన్ను విరిగింది. ఇనుము మెత్తగా ఉందని, ఇంకో పానాకి మళ్లీ పళ్లు తీసి, వంటింటి పొయ్యి మీద ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. ఇల్లంతా పొగ. "ఫ్యాను ఇంకా తిరగలేదు, ఇల్లు మాత్రం అంటించేలా ఉన్నారు" అని కూతురు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి చెక్కలోంచి స్క్రూ కిర్రుమని వెనక్కి తిరిగింది. ఇద్దరూ దాని వైపు చూస్తూ ఉండిపోయారు. బాబాయ్ జీవితంలో ఆ స్క్రూ వెనక్కి తిరగడం చూడ్డం అదే మొదలు.

శనివారం పొద్దున ఊడదీత మేడకి వచ్చాడు. పిన్ని మంచినీళ్లిచ్చి "బాగున్నారా అన్నయ్యగారూ" అంది. ఆయన అద్దం ముందు నిలబడి నాలుగు మూలలూ చూశాడు. "ఒంటి చేత్తో అయ్యేది కాదమ్మా. ఒకరు నొక్కాలి, ఒకరు తిప్పాలి. మా షెడ్డులో ఎప్పుడూ ఇద్దరం వెళ్లేవాళ్లం."

నొక్కేది బాబాయ్. పానా వెనక అరచేయి పెట్టి, దాని మీద రొమ్ము ఆనించి, బరువంతా వేశాడు. ఊడదీత తిప్పాడు. పై రెండూ వచ్చాయి. కిందది ఒకటి వచ్చింది. పిన్ని బొంత మడతపెట్టి అద్దం కింద పెట్టి, రెండు చేతులతోనూ దాన్ని పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. తల చెదిరిన నాలుగోది మిగిలింది.

"దీన్ని నమిలేశావు కదయ్యా," అన్నాడు ఊడదీత. పళ్లు పట్టడం లేదు. రెండుసార్లు జారింది. రెండోసారి అద్దంలోంచి సన్నగా ఒక మోత వచ్చింది.

"కొడితే?" అన్నాడు బాబాయ్.

"కొడితే పోతుంది."

"పోతే పోనివ్వండి," అంది పిన్ని, కింద నుంచి. "కూల్చేవాళ్ల చేతిలో పోయేకంటే మన చేతిలోనే పోనీ." అంది గానీ పట్టు వదల్లేదు.

బాబాయ్ లేచి వెళ్లి సైకిలు సంచిలోంచి పాత ట్యూబు తెచ్చాడు. రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించి, స్క్రూ తల మీద పెట్టి, దాని మీద పానా కూర్చోబెట్టాడు. చెదిరిన సందుల్లోకి రబ్బరు దిగి పట్టు దొరుకుతుందేమోనని. ఈసారి రెండు అరచేతులూ వేసి కళ్లు మూసుకుని నొక్కాడు. ఊడదీత బలంగా లాగకుండా, మెల్లిగా, పసిపిల్లాడి చెయ్యి తిప్పినట్టు తిప్పాడు. ఏమీ కాలేదు. ఇంకొంచెం. కిర్రుమంది.

అద్దం బొంత మీదకి దిగింది. గీత తప్ప ఇంకేం కాలేదు. ముగ్గురూ కలిసి దాన్ని ఎదురు గోడకి చేరవేశారు. పిన్ని చేతులు కొంగుతో తుడుచుకుంది.

ఊడదీత సామాను సర్దుకుంటూ, గోడ వైపు వీపు పెట్టి, అటు చూడకుండానే అన్నాడు. "తేదీ ఉంటుంది చూడమ్మా అక్కడ, పెన్సిలుతో. దాని కింద 'నిలువు సరి' అని. దాని కింద ఏదో ఒక ముక్క. ఆసుపత్రి పెట్టె వెనకాల 'ఎండ తగలదు' అని రాశాడు. స్కూలు ముందు దాని వెనకాల 'పిల్లలకి అందుతుంది' అని. నాలుగొందల పైచిలుకు చదివాను."

బాబాయ్ నిలబడిపోయాడు. పెట్టె బిగించే ముందు గోడ మీద రాయడం ఆయనకి అలవాటు. ఎవరు చదువుతారని రాయలేదు, పని అయిందని తనకి తాను చెప్పుకోవడం, అంతే. గోడకీ పెట్టెకీ మధ్య ఉండిపోయే మాట. దాన్ని చదివినవాడొకడు ఉన్నాడని ఆయనకి ఇన్నేళ్లూ తోచనే లేదు.

పిన్ని గోడ దగ్గరకి వెళ్లింది. అద్దం ఉన్నంత మేర సున్నం కొత్తగా, లేత నీలంగా ఉంది. ముప్పై ఒక్కేళ్ల కిందటి తేదీ ఉంది. నిలువు సరి అని ఉంది. కింద అడ్డంగా ఒక గీత, దాని పక్కన "ఆవిడ కళ్లకి సరి" అని ఉంది.

ఆవిడ చదువుకుంది. "టీ పెడతాను," అని వంటింట్లోకి వెళ్లింది. టీ రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఈలోపు కబురు మేడంతా పాకింది. టీచరమ్మ అలమార అంది, డ్రైవరు కొక్కేలన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ వాటా వాటాకీ తిరిగి, ఒకరు నొక్కి ఒకరు తిప్పి, బాబాయ్ బిగించినవన్నీ తీసిపెట్టారు. అన్నిటి వెనకాలా ఏదో ఒక ముక్క ఉంది. ఆడవాళ్లు ముందే వచ్చి నిలబడి చదువుకున్నారు. ఊడదీత ప్రతి ఇంట్లోనూ "బుర్ర లేదు గానీ, చేతిరాత మంచిది" అన్నాడు.

ఆదివారం కొత్త ఇంటికి సామాను చేరింది. రెండు గదులు, గోడలు తెల్లగా, బోసిగా ఉన్నాయి. అద్దం పట్టుకోవడానికి ఊడదీత కూడా వచ్చాడు. ఈసారి మామూలు స్క్రూలే, బజారులో దొరికేవి. బాబాయ్ పెన్సిలు పట్టుకుని గోడ ముందు నిలబడి పిన్నిని పిలిచాడు.

"ఇలా వచ్చి గోడకి ఆనుకో ఒకసారి."

"ఎందుకండీ, పాత కొలతే పెట్టెయ్యండి. మీకు గుర్తే ఉంటుందిగా."

"నిలబడు, చెప్తాను."

ఆవిడ వచ్చి నిలబడింది. ఆయన టేపు నేల దాకా దింపి కొలిచాడు, ఆవిడ కళ్ల దగ్గర గీత పెట్టాడు. టేపు వంక చూశాడు. మళ్లీ కొలిచాడు. పాత కొలతకి రెండు వేళ్లు తక్కువ.

"ఏమైందండీ, ఎంతసేపు?"

"ఏం లేదు. అక్కడి నేల ఎగుడుదిగుడు కదా, లెక్క తేడా వచ్చింది."

ఊడదీత ఒక మూల అద్దం పట్టుకుని, కిటికీలోంచి బయటకి చూస్తూ "చేతులు లాగుతున్నాయయ్యా, రాసేదేదో తొందరగా రాయి" అన్నాడు.

బాబాయ్ గీత కింద తేదీ వేశాడు. నిలువు సరి అని రాశాడు. తర్వాత మూడో ముక్క కూడా రాసి, అద్దం ఎత్తమన్నాడు.